ఒకే వరసలో ఇద్దరు తోరికాలు

ఫిబ్రవరి 6

షల్విన్ రాసిన కోడ్ ఇవాళ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒకే పని పదకొండు చోట్ల చేశాడు. రోగుల లిస్టులో డూప్లికేట్లు తీసేయడానికి ఒక లూప్. కళ్ళజోళ్ళ లిస్టుకి ఇంకో లూప్. మందులకి ఇంకోటి, వాలంటీర్లకి ఇంకోటి. పేర్లు మార్చి అదే ముక్క అతికించుకుంటూ పోయాడు. చేసిన పనే మళ్ళీ చేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం ఆయన రోటీ పొట్లం విప్పుకుంటుంటే వెళ్ళి అడిగాను. పనిచేస్తోంది కదా, నీకేంటి బాధ అన్నాడు. నాకంటే పదేళ్ళు సీనియర్. ఆ మాట అనడానికి మాత్రం ఎప్పుడూ వెనకాడడు.

ప్రాజెక్టు మంచిది. కంటి ఓడ. మే నుంచి సెప్టెంబర్ దాకా దీవుల చుట్టూ తిరుగుతుంది, డాక్టర్లు ఓడలోనే ఉంటారు. ఎవరిని చూడాలో ఊళ్ళ నుంచి లిస్టులు వస్తాయి. నర్సు ఒకటి పంపుతుంది, చర్చి ఒకటి, ఊరి పెద్ద ఒకటి. ఒకే ముసలాయన మూడింట్లోనూ ఉంటాడు. ఓడ ఒక్కో ఊరి ముందు ఒక్క రోజే ఆగుతుంది. ఒకే మనిషిని మూడుసార్లు పిలిస్తే ఇంకో ఇద్దరికి చోటు పోతుంది. అందుకే ఈ తీసివేతలు.

పదకొండు లూపులూ పీకేసి ఒక్కటి రాస్తాను. ఒక్కసారి రాస్తాను, సరిగ్గా రాస్తాను.

ఫిబ్రవరి 9

రాశాను. పద్నాలుగు లైన్లు.

జెనరిక్ ఫంక్షన్. లోపలికి వచ్చేది T. T అంటే ఏదైనా. మనుషులా, కళ్ళజోళ్ళా, చుక్కల మందు సీసాలా, ఫంక్షన్‌కి తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. లిస్టు తీసుకుంటుంది. వరసలో ముందొచ్చినదాన్ని ఉంచుకుంటుంది. తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ, లోపలున్నదాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి మీరిద్దరూ ఒకటేనా అని అడుగుతుంది. అవునంటే రెండోదాన్ని వదిలేస్తుంది. జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళే. ఎవరు ఎవరితో సమానమో ఆ రకం కోసం రాసిన క్లాసులోనే ఉంటుంది. సీసా సీసాకి జవాబు చెప్పుకుంటుంది, మనిషి మనిషికి.

దానికి ఓన్లీవన్ అని పేరు పెట్టాను. సాయంత్రం ఇంటికి నడిచి వచ్చాను. బస్సులో కూర్చోవాలనిపించలేదు, అంత సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 13

కోడ్ రివ్యూ. షల్విన్, నేను, ప్రొజెక్టరు.

ఓన్లీవన్‌ని షల్విన్ రెండుసార్లు చదివాడు. తర్వాత, ఇదేదో నేను రాసుంటే బావుండేది అన్నాడు. ఆయన నోట అంత మాట రావడం పెద్ద విషయం.

రెండు ప్రశ్నలు వేశాడు. తీసేసినవి ఎక్కడికి వెళ్తాయి అన్నాడు. ఎక్కడికీ వెళ్ళవు, చెత్తకి రిజిస్టరు ఎందుకు అన్నాను. నవ్వాడు.

రెండోది, ఇద్దరు మనుషులు ఒకటే అని ఎలా తేలుస్తున్నావని. పేరు, ఊరు, వంశం, మూడూ కలిస్తే ఒకటే మనిషి అన్నాను. పుట్టిన తేదీ ఎందుకు పెట్టలేదన్నాడు. దీవుల్లో ముసలివాళ్ళకి పుట్టిన తేదీ ఉండదు, నర్సు మొహం చూసి ఒక సంవత్సరం రాసేస్తుంది, తేదీ అడిగితే అందరికీ జనవరి ఒకటే. ఒకే మనిషికి మూడు లిస్టుల్లో మూడు వయసులుంటాయి. తేదీ పెడితే ఒక్క డూప్లికేటూ పోదు. ఫోను నంబరు పెట్టినా అంతే, ఊరంతటికీ ఒకటే ఫోను.

షల్విన్ వాళ్ళ ముత్తాతలు చెరుకు కోయడానికి ఒప్పందం రాసుకుని సముద్రం దాటి ఇక్కడికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ప్రతివాడికీ కాగితం ఉంటుంది. మా ఊళ్ళ సంగతి ఆయనకి ఏం తెలుసు అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నాడు.

"మీ వాళ్ళ సంగతి నీకే తెలియాలి తోరికా."

"నాకు తెలుసు," అన్నాను.

పేజీ అంచున, నవంబర్‌లో: ఈ కాగితం చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 14

మా టీములోవాళ్ళు నాలుగు చోట్ల ఓన్లీవన్ వాడారు. ఒక్కరూ నన్ను అడగలేదు. అలా అడక్కుండా వాడుకోవాలనే కదా రాసింది.

మార్చి 2

కంటి ఓడ ఇక్కడ రాజధానిలో, సువా రేవులో ఉంది. దీవులకి వెళ్ళేముందు ఒకసారి అంతా నడిపి చూడాలన్నారు. రోగులెవరూ లేరు కాబట్టి మేం ఆరుగురం రోగులమయ్యాం.

ఫారం నింపాను. తోరికా వునియాసి. ఊరు అన్నచోట ఆలోచించలేదు, కందావు దీవిలో మా ఊరు రాశాను. నేను పుట్టింది సువా పక్కన నసీనులో, పెరిగింది నసీనులో, ఊళ్ళో మొత్తం కలిపి రెండు నెలలు కూడా ఉండలేదు. అయినా ఎవరడిగినా మా నాన్న ఊరే చెప్తాను. అందరం అంతే చెప్తాం. వంశం దగ్గర వంశం రాశాను.

కంట్లో చుక్కలు వేశారు. అక్షరాలు చదివించారు. డాక్టరు నాకు ఏ జబ్బూ లేదని తేల్చాడు. నా పేరు పక్కన పూర్తయింది అని టిక్ పడింది. మా ప్రోగ్రాం మా కళ్ళముందే మొదటి టిక్ పెట్టింది, అందరం చప్పట్లు కొట్టాం.

షల్విన్‌కి మాత్రం కళ్ళజోడు కావాలని తేలింది. ఇన్నాళ్ళూ ఆ కోడ్ అలా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందన్నాను. రెండు రోజులు మాట్లాడనన్నాడు, పావుగంట కూడా ఆగలేదు.

టెస్టు రికార్డులు తుడిచేయాలా అని అడిగింది ఓడ క్లర్కు. నిజం మనుషులు, నిజం పరీక్ష, ఎందుకు తుడవడం అన్నాను.

మార్చి 25

మేనత్త ఫోను చేసింది. మేనత్త అని రాయడం కూడా తప్పే, ఆవిడ నా యాదా. మా నాన్నకి పెద్దక్క. నేను పుట్టినప్పుడు నాన్న ఆవిడ పేరు మొత్తం తీసి నాకు పెట్టాడు, తోకతో సహా. పేరు పంచుకున్నవాళ్ళకి మాలో అత్తా కోడలూ అనే వరస ఉండదు. ఆవిడ నన్ను యాదా అంటుంది, నేను ఆవిడని యాదా అంటాను. ఊళ్ళో నాకు ఆవిడ మర్యాదలే జరుగుతాయి. ఆరేళ్ళప్పుడు వెళ్తే నెరిసిన తలలవాళ్ళు లేచి చాప మీద చోటిచ్చారు.

ఫోను తీయగానే ఎప్పటిలాగే, నా గురించే నేను నేను అంటూ మొదలుపెట్టింది. "నేను తిన్నానా?" అంది.

తిన్నావు, కర్రపెండలం, డబ్బా చేప అన్నాను.

"ఇంకా ఎవరూ దొరకలేదా నాకు? ముప్పై వస్తున్నాయి."

నీకు డెబ్భై వచ్చినా దొరకలేదుగా అన్నాను. చాలాసేపు నవ్వింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మొగలాకు చాపలు అల్లుతుంది, అంచుల్లో అంత సన్నటి గీత ఆ దీవిలో ఇంకెవరూ వేయలేరట.

నవ్వాక చెప్పింది. దీపం చుట్టూ ఇంద్రధనుస్సులాంటి చక్రం కనిపిస్తోందట. పొద్దున్నే నుదురు నొప్పి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, వయసనుకుని ఊరుకుంది. ఇప్పుడిది కుడి కన్ను. నాకు భయం వేసింది. కంటి ఓడ జూలైలో కందావు వస్తోంది, ఆ లిస్టు నా చేతిలోనే ఉంది, నిన్ను ముందు చూస్తారు అన్నాను. నా చేతిలోనే అన్నాను, బాగా గుర్తు.

వెంటనే అక్కడి నర్సు ఎలెనోవాకి ఫోను చేశాను. లిస్టులో మొట్టమొదటి పేరు మా యాదాదే రాయమన్నాను. రాస్తానంది. అది నీటికాసులు అయ్యుండొచ్చు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, ఓడ వచ్చేదాకా ఆగొచ్చు గానీ అది దాటితే ఆ కన్ను ఆగదంది.

జూన్ 11

కందావు లిస్టులు మూడూ వచ్చాయి. మొత్తం 212 పేర్లు. ముందే లోపలున్న రికార్డుల వెనక చేర్చి ఓన్లీవన్‌లో వేశాను. 139 అయ్యాయి. కన్నుమూసి తెరిచేలోపు. షల్విన్ పాత లూపు అయితే మధ్యలో టీ తాగి రావచ్చు.

ఒక్క పేరూ చూడలేదు. చూడక్కర్లేకుండా ఉండడానికే కదా అదంతా.

జూలై 19

ఇవాళ ఓడ మా ఊరి ముందు ఆగుతుంది. ఇక్కడ వాన. ఊరికి ఫోను కలవడం లేదు. యాదా కంట్లో ఇవాళ చుక్కలు పడతాయి, రేపటికి నొప్పి తగ్గుతుంది. చర్చికి వెళ్ళే అలవాటు తప్పిపోయింది, అయినా వెళ్ళొచ్చాను.

జూలై 28

యాదా ఫోను. నేను బస్సులో ఉన్నాను, డ్రైవరు పాటలు గట్టిగా పెట్టాడు. ఓడ వచ్చిందట, ఊరంతా ఒడ్డుకి వెళ్ళిందట, ఆడవాళ్ళు డాక్టర్లకి చేమాకు కూర కొబ్బరిపాలు పోసి వండి పెట్టారట. కన్ను సంగతేంటి అని అరిచాను.

"అయిపోయిందన్నారు," అంది.

పక్కన కూర్చున్నావిడతో కూడా చెప్పాను, మా అత్త కన్ను చూశారండీ అని.

తర్వాత యాదా, "నాకు నొప్పి పుట్టిందా?" అని అడిగింది. ఆవిడ మాట తీరు అదే కాబట్టి నేనూ నవ్వుతూ, లేదు, చుక్కలు వేస్తే కాస్త మండుతుందంతే అన్నాను. హమ్మయ్య అంది.

పేజీ అంచున, నవంబర్‌లో: హమ్మయ్య అంది.

సెప్టెంబర్ 3

ఓన్లీవన్ ఇప్పుడు పక్క టీమువాళ్ళ ప్రాజెక్టులో కూడా ఉంది. ఎవరు రాశారో వాళ్ళకి తెలీదట.

నవంబర్ 5

పొద్దున అమ్మ ఫోను చేసింది. యాదా ఇంటి గుమ్మం స్తంభానికి గుద్దుకుని నుదురు పగలగొట్టుకుందట. ఆ ఇంట్లో డెబ్భై ఏళ్ళ నుంచి ఉంటోంది.

ఎలెనోవాకి ఫోను చేశాను. ఆమె గొంతులో కోపం. అసలు ఆవిడని ఓడలో ఎందుకు చూడలేదు అని నన్నే అడిగింది. చెప్పుకుంటూ పోయింది: నేను రాసిన మొదటి పేరే ఆవిడది, పొద్దున ఏడింటికే తీసుకెళ్ళి ఒడ్డున కూర్చోబెట్టాను, క్లర్కు లిస్టు చూసి ఈ పేరు ఎప్పుడో పూర్తయిపోయింది అంది, గట్టిగా అడుగుదామంటే అప్పటికే ప్రసవం నొప్పులని నన్ను పక్క ఊరికి పిలుచుకుపోయారు, తిరిగొచ్చేసరికి ఓడ లేదు. నువ్వేదో సువాలోనే చూపించావని మీ అత్త నాతో చెప్పింది, నేను నమ్మాను అంది.

నేను చూపించలేదన్నాను. అయితే ఆ లిస్టు తీసి చూడు అంది ఎలెనోవా.

నవంబర్ 5, సాయంత్రం 4

చూశాను.

నర్సు లిస్టులో మొదటి పేరు తోరికా వునియాసి. కందావు. మా ఊరు. మా వంశం. వయసు 71. కుడి కన్ను, అత్యవసరం.

ఆ పేరు రావడానికి మూడు నెలల ముందే లోపల ఒక తోరికా వునియాసి ఉంది. కందావు. మా ఊరు. మా వంశం. మార్చి 2, పూర్తయింది, జబ్బు లేదు. అది నేను.

ఓన్లీవన్ మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. మీరిద్దరూ ఒకటేనా అని అడిగింది. అవునన్నాం. అవుననేలా నేనే రాశాను. ముందొచ్చినదాన్ని ఉంచుకుంది, తర్వాతొచ్చినదాన్ని వదిలేసింది. ఎవరికీ చెప్పలేదు. చెత్తకి రిజిస్టరు ఎందుకు అన్నది నేనే కదా.

షల్విన్‌కి తెలియకపోతే అర్థం ఉంది. వాళ్ళలో బతికున్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టరు. మాలో ప్రతి ఇంట్లో ఇద్దరేసి ఉంటారు. తాతా మనవడూ, అత్తా మేనకోడలూ, అదే ఊరు, అదే వంశం. ఇంకెవరైనా ఈ తప్పు చేస్తే తెలియక చేశారనొచ్చు. నేను రోజూ యాదా యాదా అని పిలుస్తూ, పిలిపించుకుంటూ చేశాను. నాకు తెలుసు అని కూడా అన్నాను.

తెలిసినదాన్ని చూడలేదు. అంతే. దీనికి ఇంకో పేరు వెతుకుతున్నాను, దొరకడం లేదు.

నవంబర్ 6

షల్విన్‌తో చెప్పాను. తిడతాడనుకున్నాను. రివ్యూలో నేనడిగానుగా అంటాడనుకున్నాను. అనలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. పాత లిస్టులన్నీ తీసి, ఓన్లీవన్ లేకుండా నడిపి, వదిలేసినవాళ్ళని ఒక్కొక్కరినీ చేత్తో చూశాం. సీజన్ మొత్తం మీద 1,904 తీసేసింది. అందులో 1,867 నిజంగా డూప్లికేట్లే. ముప్పై ఏడుగురు కాదు.

ముప్పై ఏడు పేర్లనీ ఆయన కాగితం మీద రాసుకున్నాడు. ఒక్కొక్క పేరూ నన్ను పలికించి, సరిగా పలకడం నేర్చుకుని, ఊరి నర్సులకి ఫోన్లు చేశాడు. కొన్ని దీవులకి ఫోను కలవడానికి సాయంత్రమైంది. చాలామందికి కంటిపొర, అది వచ్చే ఏడాదికి తీసినా ఫరవాలేదట. కొందరికి కళ్ళజోడు. ఆగని జబ్బు ఒక్కరికే.

వెళ్ళేముందు ఆయన అన్నది: "ఫంక్షన్‌లో తప్పు లేదు. అది అడిగింది సరైన ప్రశ్నే."

ఓదార్చడానికే అన్నాడు. నాకు ఓదార్పుగా లేదు.

నవంబర్ 8

సరిచేశాను. తాత పేరు మనవడికి ఉంటే తండ్రి పేర్లు వేరుగా ఉంటాయి కాబట్టి తండ్రి పేరు కలిపాను. అనుమానం ఉన్నవాళ్ళని తీసేయకుండా పక్కన పెట్టి మనిషికి చూపించేలా మార్చాను. నాలుగు లైన్లు. టీ చల్లారలేదు ఇంకా.

నవంబర్ 14

యాదాని పడవ మీద సువా తీసుకొచ్చారు. నేను రేవుకి వెళ్ళాను. మెట్లు దిగుతూ కాలితో తడుముకుంది. నా చేయి పట్టుకోగానే, "ఇంత చిక్కిపోయానేంటి?" అంది.

కంటి డాక్టరు ఆస్ట్రేలియా ఆయన, మా భాష రాదు. ఆయన ఇంగ్లీషులో చెప్తే నేను యాదాకి చెప్పాలి. దీపం పెట్టి, ఏదో యంత్రం ఆనించి, చాలాసేపు చూశాడు. ఒత్తిడి ఎక్కువైందన్నాడు, చెప్పాను. నరం ఎండిపోయిందన్నాడు, చెప్పాను. చుక్కలు వేస్తే నొప్పి తగ్గుతుంది, చూపు రాదు అన్నాడు. అదీ చెప్పాను. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అది కూడా ఎంతకాలమో చెప్పలేం అన్నాడు. చెప్పాను.

తర్వాత ఆయన ఫైలు మూస్తూ, జూలైలో వచ్చి ఉంటే చూపు నిలబెట్టేవాళ్ళం అన్నాడు.

అది చెప్పలేదు.

ఏమన్నాడు అని అడిగింది యాదా. ఫైలు జాగ్రత్తగా పెట్టుకోమన్నాడన్నాను.

నవంబర్ 17

మార్కెట్‌కి వెళ్ళి, మేం దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేర్లు ఒక కట్ట కొన్నాను. బాగా ముదురువి. మాలో తప్పు చేసినవాళ్ళు అవతలివాళ్ళ ముందు కూర్చుని, వేర్ల కట్ట ముందుంచి, చేసింది చెప్పుకోవాలి. వాళ్ళు కట్ట మీద చేయి వేస్తే తప్పు అక్కడితో పూడ్చేసినట్టు. తర్వాత దాన్ని ఎవరూ తవ్వకూడదు.

నసీనులో అమ్మ ఇంట్లో, ముందుగదిలో చాప మీద కూర్చుని ఉంది యాదా. అమ్మకి ముందే చెప్పాను, విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర్నుంచి వంగి వెళ్ళి, కట్ట యాదా ముందు పెట్టి, అంతా చెప్పాను. ఫంక్షన్, పేరు, వంశం, మార్చి 2, టిక్. జూలై మాట కూడా. డాక్టరు అన్న మాట అన్నట్టే చెప్పాను. కంప్యూటరు తెలియని మనిషికి ఎలా అర్థమవుతుందా అనుకున్నాను గానీ, అదేమంత కష్టమైన విషయం కాదని చెప్తుంటే నాకే తెలిసింది. ఇద్దరిని ఒకరనుకున్నాను. అంతే కదా.

యాదా చేయి చాపి కట్ట ఎక్కడుందో తడిమింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మంచి వేర్లే తెచ్చావంది. తర్వాత దాన్ని మెల్లగా నా వైపు తోసేసింది.

"ఎవరు ఎవరికి ఇస్తున్నారే ఇది?"

నేను నీకు అన్నాను.

"నువ్వెవరు?"

"తోరికా."

"మరి నేనెవరు? తోరికా దగ్గర తోరికా తప్పు ఒప్పుకుంటే మధ్యలో వినేదెవరు? ఇది తీసుకోవాలంటే నువ్వు బయటిదానివని నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోను."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. జూలై సంగతి అప్పుడు చెప్పింది. ఒడ్డున క్లర్కు పిల్ల నీ పేరు పూర్తయిపోయింది అంటే, ఓహో, సువాలో నేను చూపించుకున్నాను కాబోలు అనుకుందట. యాదా చూపించుకుంటే తను చూపించుకున్నట్టే. పిల్ల నా కోసం వెళ్ళి కంట్లో మందు వేయించుకుందని ఊరంతా చెప్పుకుందట. నాకు నొప్పి పుట్టిందా అని ఫోనులో అడిగింది నా గురించి. నిజంగా నా గురించే.

అది వేళాకోళం అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నేను తిన్నానా, నేను చిక్కానా. ఆవిడ ఎన్నడూ వేళాకోళం ఆడలేదు.

వంటింట్లో అమ్మ గిన్నె కూడా కదపడం లేదు. అప్పుడు యాదా గొంతు మారింది.

"అన్నీ ఇద్దరివీ అనుకున్నాను. చీకటి మాత్రం నా ఒక్కదానికే వచ్చింది. ఇందులో సగం నీకు ఇద్దామంటే ఎలాగో తెలియడం లేదు. నాకు కోపంగా ఉంది యాదా. ఉంచుకుంటాను ఆ కోపం. నా కోపం నాది."

ఉంచుకో అన్నాను.

"నీకు ఇంకా కళ్ళున్నాయి. అంటే నాకు రెండున్నాయి, సువాలో. వాటిని ఊరికే పడేయకు. రోజూ చూడు. చూసినవి సాయంత్రం ఫోనులో చెప్పు. కల్పించి చెప్పావంటే నాకు తెలుస్తుంది."

వేర్ల కట్ట నా దగ్గరే ఉంది. ఎవరూ చేయి వేయలేదు. పారేయడానికీ లేదు, దంచి తాగడానికీ లేదు.

నవంబర్ 26

యాదా ఊరికి వెళ్ళిపోయింది. రోజూ సాయంత్రం అయిదింటికి ఎలెనోవా ఫోను పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్తుంది.

మొదటి రోజు, ఇవాళ ఆఫీసుకి బస్సులో వెళ్ళాను అన్నాను. బస్సు ఏ రంగు అంది. గుర్తులేదు. పక్కన ఎవరు కూర్చున్నారంది. ఒకావిడ. ఎలాంటి ఆవిడ? తెలీదు. దారిలో చెట్లు పూశాయా అంది. చెట్లున్నాయి అన్నాను. ఫోను పెట్టేసింది.

బస్సు. ఒకావిడ. చెట్లు. నా లోపల అన్నీ T లే. పేరు పెట్టి, గంపలో వేసి, మూత పెట్టేశాను. ఎప్పటి నుంచో నేను ఇలాగే చూస్తున్నట్టున్నాను. కోడ్‌లో అయితే దాన్నే అందరూ మెచ్చుకున్నారు. షల్విన్ పదకొండుసార్లు రాసిన లూపుల్లో మనుషుల లూపు మనుషులకి మాత్రమే అని ఉండేది. దాన్ని పీకింది నేను.

డిసెంబర్ 2

కల్పించి చెప్పాను ఒకటి. సముద్రం మీద సూర్యాస్తమయం చూశానని. సువాలో సూర్యుడు ఆ వైపు దిగడు, కొండల వెనక దిగుతాడు అంది. ఫోను పెట్టేసింది.

డిసెంబర్ 6

మూడు రోజులు ఫోను ఎత్తలేదు, ఇవాళ ఎత్తింది. నేను కొన్ని చెప్పాను. ఆవిడ ఊఁ అంది.

డిసెంబర్ 9

పొద్దున ఆరూ పది. రోడ్డు మీద నీళ్ళు, నీళ్ళలో కరెంటు వైర్ల నీడలు. ఎదురింటి తాత ఒక్క చెప్పు వేసుకుని కోడిని తరిమాడు, రెండో చెప్పు చేతిలో ఉంది. బస్సు పసుపు, కింద చారలు ఆకుపచ్చ. పక్కన కూర్చున్నావిడకి యాభై ఉంటాయి, చెవి వెనక మందారం, ఎడమ వైపు. గోళ్ళలో మట్టి. దుంపలమ్మడానికి వెళ్తోంది. నన్ను చూసి నవ్వింది, పై పళ్ళు రెండు లేవు. మార్కెట్ మెట్ల మీద పీతలు, కొబ్బరాకుతో కట్టి, ఒకటి కట్టు విప్పుకుంది, ఎవరూ చూడలేదు, నేను చూశాను. షల్విన్ కొత్త కళ్ళజోడు, ఫ్రేము ఎరుపు. మధ్యాహ్నం కిటికీ లోంచి ఓడలు మూడు, ఒకటి తెల్లది.

తెల్లదాని పేరు చదవలేకపోయాను. దగ్గరికి వెళ్ళి చూడాల్సింది.

అయిదవుతోంది. యాదా సరిపోదంటుంది.